రిజిస్టర్లో లేని కాలమ్

2021 మే 21, శుక్రవారం. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం దారి పట్టిన వాహనాలు ఊరి బయటే ఆగిపోయాయి. మామూలు రోజుల్లో రేవు లారీలు తిరిగే రోడ్డు అది. ఆ రోజు మాత్రం కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు, మధ్యమధ్య రోగులతో అంబులెన్సులు. బొనిగి ఆనందయ్య పంచే కరోనా మందు కోసం వేలాది మంది ఎగబడ్డారు. జనాన్ని అదుపు చేయలేక పంపిణీ ఆపేయాల్సి వచ్చింది.

అంతమందిని అక్కడికి నడిపించిన వాటిల్లో ఒక సెల్‌ఫోన్ వీడియో కూడా ఉంది. ఊపిరి అందక వచ్చిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కంట్లో చుక్కలు పడ్డాక ప్రాణం లేచొచ్చినట్టుందని అందులో చెప్పారు. ఆ మాట రెండు రాష్ట్రాల్లోనూ ఫోన్లన్నీ చుట్టేసింది. కొద్ది రోజులకే ఆయన పరిస్థితి విషమించింది. నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చేరి, నెలాఖరుకు కన్నుమూశారు. ఆ మందు వల్ల హాని కనిపించలేదు గానీ కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారాలూ లేవన్న నివేదిక మీద, కంటి చుక్కలు మినహా మిగిలిన మందుల పంపిణీకి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది కూడా మే 31నే. చుక్కల సంగతి హైకోర్టు దాకా వెళ్లింది.

ప్రాణం మీదికి వచ్చిన మనిషి దొరికిన కొమ్మ పట్టుకుంటాడు. ఆయనను ఎగతాళి చేయడానికి ఎవరికీ హక్కు లేదు. ఈ అధ్యాయానికి కావలసింది వేరే సంగతి. అదే వీడియోలో ఒక లారీ డ్రైవరో, రొయ్యల చెరువు కాపలాదారో మాట్లాడి ఉంటే అంత దూరం వెళ్లేదా? హెడ్మాస్టారు చెప్పారు కాబట్టే ఊళ్లు నమ్మాయి. కావలి నుంచి పులికాట్ దాకా ఉన్న మత్స్యకారుల పట్టపుపాళేల్లో, యానాదుల కాలనీల్లో డాక్టరు అరుదుగా కనిపిస్తాడు. అయ్యవారు రోజూ కనిపిస్తాడు. కాగితం చదివించుకోవాలన్నా, మాత్ర పేరు అడగాలన్నా ఆయన దగ్గరికే వెళతారు. టీకా వేసే ఏఎన్ఎమ్ చెప్పిన మాటను ఆయన తల ఊపి బలపరిస్తే పిల్లల చేతులు ముందుకొస్తాయి. పెదవి విరిస్తే వెనక్కి పోతాయి.

సరిగ్గా ఆ మే 21నే, భూగోళానికి అవతలి వైపు, అమెరికాలోని కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ ప్రాథమిక పాఠశాల టీచరు ఒకరు కోవిడ్ పరీక్షకు వెళ్లారు. అవకాశం ఉన్నా టీకా వేయించుకోలేదు. రెండు రోజుల ముందు ముక్కు దిబ్బడ, నీరసం మొదలైతే అలర్జీ అనుకుని పాఠాలు చెప్పారు. పిల్లలకు కథ చదివి వినిపించేటప్పుడు మాస్కు తీసేవారు. ఆ తరగతిలో 24 మంది పిల్లలు. వాళ్లకింకా టీకా వయసు రాలేదు. పన్నెండు మందికి సోకింది. ముందు రెండు వరుసల్లో కూర్చున్న పదిమందిలో ఎనిమిది మందికి, వెనక మూడు వరుసల్లోని పద్నాలుగు మందిలో నలుగురికి. తక్కిన తరగతులూ, ఇళ్లూ కలిపితే టీచరుతో సహా 27 కేసులు. బల్లల పటం గీసి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తులు పెట్టి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రచురించిన ఆ నివేదిక చదివితే, టీచరు గొంతు తరగతి గదిలో ఎంత మేర వెళుతుందో కొలిచి చూపినట్టు ఉంటుంది.

కృష్ణపట్నంలో టీచరు మాట, మరిన్‌లో టీచరు ఊపిరి. రెండూ పిల్లల దాకా, ఊరి దాకా పోయేవే. అయినా బడి అనే వ్యవస్థ టీకా గురించి ఆలోచించినప్పుడల్లా పిల్లలను చూసింది గానీ పిల్లలను వరసలో నిలబెట్టిన పెద్దలను చూడలేదు.

*

నెల్లూరు తీరంలో ఏ హైస్కూలు స్టాఫ్‌రూమ్‌కైనా వెళ్లి చొక్కా చేతులు పైకి మడవమంటే ఒక్కో తరం ఒక్కో చరిత్ర చూపిస్తుంది. రిటైర్మెంటుకు దగ్గరపడిన సోషల్ మాస్టారి భుజం మీద మశూచి టీకా మచ్చ ఉంటుంది. దేశంలో మశూచి చివరి కేసు 1975లో నమోదైంది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ టీకా అవసరమే లేకుండా పోయింది. నడివయసు లెక్కల టీచరుకు బీసీజీ మచ్చ ఒక్కటే. సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలైంది కాబట్టి, అంతకు ముందు పుట్టినవాళ్లకు చిన్నప్పుడు ఏయే టీకాలు పడ్డాయో అమ్మను అడగాల్సిందే. అమ్మకూ గుర్తుండదు. హెపటైటిస్-బి టీకా దేశమంతటా పిల్లల జాబితాలోకి వచ్చేసరికి 2011 అయింది. అప్పటికి ఇవాళ్టి టీచర్లలో చాలామంది కాలేజీలో ఉన్నారు, లేదా అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నారు.

ఈ తరాల తేడా ఊరికే చెప్పుకునే ముచ్చట అనుకోకూడదు. చిన్నప్పుడు వేసిన టీకా శరీరానికి ఒక శత్రువు ముఖం చూపించి పెడుతుంది. కొన్ని ముఖాలను శరీరం జీవితాంతం మర్చిపోదు. తట్టు, రుబెల్లా అలాంటివి. కొన్నింటిని మెల్లమెల్లగా మర్చిపోతుంది. ధనుర్వాతం, కంఠసర్పి టీకాలతో పుట్టిన ప్రతిరక్షకాలు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతాయి. అందుకే చాలా దేశాల్లో పెద్దలకు పదేళ్లకోసారి ఆ రెంటికీ కలిపి బూస్టర్ వేస్తారు. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది కనుక దాని టీకా ఏటా కొత్తగా తయారవుతుంది. అరవై దాటాక రోగనిరోధక వ్యవస్థే కొంత మందగిస్తుంది. మన రాష్ట్రంలో ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2022లో 62కు పెరిగింది. ప్రతి సీజన్లో తుమ్మే, దగ్గే పిల్లల మధ్య రోజుకు ఆరేడు గంటలు గడిపే ఉద్యోగం టీచరుది.

కంఠసర్పి పాతకాలం జబ్బని టీచర్లే పాఠంలో చెబుతుంటారు. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతబస్తీవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. ఈ శతాబ్దంలోనూ అక్కడికి కంఠసర్పి రోగులు వస్తూనే ఉన్నారు. వాళ్లలో పసిపిల్లలే కాక బడి వయసువాళ్లు, పెద్దలు కూడా ఉన్నారు. ఇలా టీకా ప్రభావం తగ్గిన వయసుల్లో జబ్బు మళ్లీ తలెత్తడం చూశాకే, 2019లో మన దేశం గర్భిణులకు, పదేళ్ల, పదహారేళ్ల పిల్లలకు వేసే టీటీ సూది స్థానంలో టీడీ తెచ్చింది. అందులో ధనుర్వాతానికి తోడు కంఠసర్పి అంశ కూడా ఉంటుంది. ఆ పదో తరగతి పిల్లలను ఏఎన్ఎమ్ ముందు వరస కట్టించే క్లాస్ టీచరుకు మాత్రం ఆ రోజు సూది లేదు. ఆమె పని పేర్లు పిలవడం.

*

అలాగని తీరప్రాంతపు పెద్దలకు సూది అంటే పడదా అంటే, అదేం లేదు. వల బాగుచేస్తుంటే గాలం గుచ్చుకున్నా, సైకిల్ దిగుతుంటే మేకు దిగినా ఎవరూ చెప్పకుండానే టీటీకి పరుగెత్తుతారు. వాచ్‌మన్ దగ్గర్నుంచి హెచ్‌ఎం దాకా ఈ విషయంలో తేడా లేదు. తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందన్నది మాత్రం అపోహ. దాని సూక్ష్మజీవి బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. తుప్పు పట్టిన మేకు మట్టిలో పడి ఉంటుంది కాబట్టి నింద దాని మీద పడింది. తళతళలాడే కొత్త మేకైనా మట్టి అంటుకుని లోతుగా దిగితే ప్రమాదం అంతే.

కుక్క కరిచినా అంతే. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని ఇప్పటికీ భయపెడుతుంటారు గానీ, గొర్రె మెదడు కణజాలంతో చేసిన ఆ పాత టీకాను 2004 చివరికల్లా దేశంలో ఆపేశారు. ఇప్పుడు వేసేది భుజానికే, సూదుల సంఖ్యా బాగా తగ్గింది. భయం మాత్రం పాత టీకాదే ఇంకా నడుస్తోంది.

ఈ రెండు అలవాట్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. గాయం కంటికి కనిపిస్తే పెద్దలు టీకాను మందులా అడిగి మరీ వేయించుకుంటారు. గాయం లేనప్పుడు ముందు జాగ్రత్తగా వేసుకోమంటే, నాకేమైంది అని అడుగుతారు. టీకా పట్ల వ్యతిరేకత అని అధికారులు నివేదికల్లో రాసేదాంట్లో చాలా భాగం ఈ ప్రశ్నే. దానికి నిరక్షరాస్యత కారణమని అనడానికి లేదు. బయాలజీలో పీజీ చేసిన టీచరు కూడా అదే అడుగుతారు.

ముందు జాగ్రత్తగా పెద్దలు బారులు తీరిన సందర్భం తెలుగునాట ఒకటుంది. దాని మూలం కూడా నెల్లూరు జిల్లాలోనే. పాపిరెడ్డిపాళెంలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. అమ్మ పేరే కంపెనీ పేరు. జన్యు సాంకేతికతతో తయారైన తొలి భారతీయ హెపటైటిస్-బి టీకా షాన్‌వాక్-బి 1997 ఆగస్టులో వచ్చింది. దిగుమతి టీకా డోసు వందల రూపాయల్లో ఉన్న రోజుల్లో, దీన్ని 50 రూపాయలకు అందించారు. ఆ తర్వాత కొన్నేళ్లు ఊళ్లలో, బళ్లలో, కల్యాణ మండపాల్లో టీకా శిబిరాలు నడిచాయి. పచ్చకామెర్లంటే పసరు మందు గుర్తొచ్చే నేల మీద పెద్దలు డబ్బు కట్టి మరీ మూడు డోసుల కార్డులు పర్సుల్లో పెట్టుకున్నారు. ధర అందుబాటులోకి వచ్చింది, జబ్బు పేరు భయపెట్టింది, శిబిరం ఊళ్లోకే వచ్చింది. ఆ మూడూ కలిసినప్పుడు నాకేమైంది అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆరో నెల డోసుకు ఎంతమంది తిరిగొచ్చారన్నది వేరే కథ.

*

సంకోచం అంతా మూఢత్వం అనుకునేవాళ్లు మదనపల్లె సంగతి తెలుసుకోవాలి. దేశంలో బీసీజీ టీకా 1948 ఆగస్టులో మొదలైంది అక్కడే, ఆరోగ్యవరం శానిటోరియం ఉన్న ఊళ్లో. కొద్ది ఏళ్లలోనే అది దేశవ్యాప్త ఉద్యమమైంది, బళ్లే దాని కేంద్రాలయ్యాయి. 1955లో దాన్ని బాహాటంగా వ్యతిరేకించిన వ్యక్తి సామాన్యుడేమీ కాదు, చక్రవర్తుల రాజగోపాలాచారి. గవర్నర్ జనరల్‌గా, మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేసిన మనిషి చిన్న పుస్తకమే వేశాడు.

ఆయన వాదనలన్నీ నిలబడలేదు. అయితే తడ దాటగానే మొదలయ్యే అప్పటి చెంగల్పట్టు జిల్లాలో 1968లో ప్రారంభమైన మహా ప్రయోగం, పదిహేనేళ్ల పరిశీలన తర్వాత ఇబ్బంది పెట్టే ఫలితమే ఇచ్చింది. పెద్దల్లో ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేకపోయింది. పసిపిల్లల్లో మెదడుకు పాకే క్షయ నుంచి అది కాపాడుతుంది కాబట్టి పుట్టగానే వేయడం కొనసాగింది. మళ్లీ 2024లో, క్షయ ముప్పు ఎక్కువున్న పెద్దలకు బీసీజీ వేసి చూసే అధ్యయనం పలు రాష్ట్రాల్లో మొదలైంది. మధుమేహం ఉన్నవారు, అరవై దాటినవారు, క్షయ రోగులతో కలిసి ఉంటున్నవారు ఆ జాబితాలో ఉన్నారు. చెంగల్పట్టు గురించి చదివిన సైన్సు టీచరు ఎవరైనా, అప్పుడు పనిచేయనిది ఇప్పుడెందుకు అని అడిగితే అది మంచి ప్రశ్న. అలాంటి ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషిని బడికి పంపాలి. కరపత్రం పంపితే చాలదు.

బడి సిబ్బంది మనసులో నాటుకున్న మరో ఘటన ఖమ్మం జిల్లాది. 2009 జులైలో పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను అక్కడ దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు వేయించాయి. వాళ్లలో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు. పిల్లల మరణాల వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలిందల్లా సంతకాల సంగతి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. తల్లిదండ్రులు ఎక్కడో అడవి పల్లెలో ఉంటే, పై అధికారి ఆదేశం చేతిలో ఉంటే, వార్డెన్ చేసేది అదే.

టీకా మంచిదే. ఇవాళ ప్రపంచమంతటా వాడుతున్నారు. కానీ ఆ 2,763 సంతకాల వెనక ఉన్నవాళ్లు బడి ఉద్యోగులు. పొరపాటు జరిగితే ఎవరి పేరు పేపర్లో వస్తుందో ఆ తర్వాత ప్రతి హెచ్‌ఎంకూ తెలుసు. 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ తట్టు-రుబెల్లా టీకా వేసే కార్యక్రమం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వచ్చింది. అప్పటికే ఆ ఏడాది ఫిబ్రవరిలో తమిళనాడు బళ్లలో జరిగిన విడతను వాట్సాప్ వదంతులు కుదిపేశాయి. వరసలో ఒక పిల్ల కళ్లు తిరిగి పడితే వెనక నలుగురు పడతారు. సూది భయంతో వచ్చే ఈ గుంపు స్పందన వైద్యులకు తెలిసిన విషయమే, ప్రమాదకరమూ కాదు. ఆ సమయంలో తల్లిదండ్రులకు జవాబు చెప్పాల్సింది మాత్రం టీచరే. ఇంకొకరి చేతికి వేసే సూది బాధ్యత ఇంతగా భుజాన పడ్డ మనిషి, తన సొంత భుజం గురించి ఆలోచించకపోవడంలో వింత లేదు.

*

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు నెల్లూరులోనే బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి 2020 మార్చి 12న నిర్ధారణ అయింది. సెప్టెంబరులో తిరుపతి ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు కోవిడ్‌తో మరణించారు. నవంబరు 2న 9, 10 తరగతులకు బళ్లు తెరిస్తే, మూడు రోజులకే 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది టీచర్లకు పాజిటివ్ వచ్చినట్టు అప్పటి పాఠశాల విద్యా కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడు ప్రకటించారు. లక్షా పదకొండు వేల మంది టీచర్లలో ఇది చిన్న సంఖ్యే. ఆ టీచర్లకు బడి వల్లే సోకిందని చెప్పడానికీ లేదు. అయినా స్టాఫ్‌రూముల్లో ఆ రోజు నుంచి కుర్చీలు దూరం జరిగాయి.

టీకా వచ్చాక టీచరుకు అది ఏ హోదాలో దక్కిందో చూస్తే నవ్వొస్తుంది. 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలైంది, ఫిబ్రవరిలో పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు. టీచరు ఆ జాబితాలో లేడు. పొరుగున తమిళనాడు సహా ఐదు చోట్ల శాసనసభ ఎన్నికలు రావడంతో, పోలింగ్ విధుల్లో ఉండే వారిని ముందువరుస సిబ్బందిగా లెక్కించారు. అంటే పాఠం చెబితే వరసలో వెనక, ఓటు యంత్రం మోస్తే ముందు. ఆ ఏడాది ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక జరిగింది. సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి సెగ్మెంట్లు అప్పటికి నెల్లూరు జిల్లావే. రెండో అల ఎగసిపడుతున్న వారాలవి. నలభై అయిదు దాటిన మాస్టార్లకు ఏప్రిల్ 1 నుంచి వయసు కోటాలో అవకాశం వచ్చింది. జూన్‌లో రాష్ట్రం ఐదేళ్ల లోపు పిల్లలున్న తల్లులకు ప్రాధాన్యం ఇచ్చింది, కాబట్టి పడుచు టీచరమ్మలు కొందరికి తల్లి కోటా. జూన్ 20న ఒక్క రోజే రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. గర్భిణులకు కేంద్రం జులైలో అనుమతించింది. టీచరును టీచరుగా గుర్తించి, సెప్టెంబరు 5 లోపు అందరికీ వేయాలంటూ కేంద్ర ఆరోగ్య మంత్రి మన్‌సుఖ్ మాండవీయ 2 కోట్ల అదనపు డోసులు ప్రకటించింది ఆగస్టు 25న. మన బళ్లు అప్పటికే ఆగస్టు 16న తెరిచేశారు.

ఆలస్యం అయితే అయింది, చివరికి అత్యధికులు వేయించుకున్నారు. మిగిలిన కొద్దిమంది సంగతి కేరళ బయటపెట్టింది. 2021 డిసెంబరులో ఆ రాష్ట్ర విద్యా మంత్రి వి. శివన్‌కుట్టి, బడుల్లో టీకా వేయించుకోని టీచర్లు, బోధనేతర సిబ్బంది 1,707 మంది ఉన్నారని జిల్లాలవారీగా లెక్క చెప్పారు. వైద్య కారణం ఉంటే సర్టిఫికెట్ తేవాలి, లేదంటే వారం వారం సొంత ఖర్చుతో ఆర్టీపీసీఆర్ చేయించుకోవాలి, అదీ కాదంటే జీతం లేని సెలవు. అక్షరాస్యతలో ముందున్న రాష్ట్రంలోనే ఈ పరిస్థితి. న్యూయార్క్ నగరం ఇంకా కఠినంగా వెళ్లి, అక్టోబరు నుంచి టీకా లేని బడి సిబ్బందికి గేటు మూసింది. మన సుప్రీంకోర్టు 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, అయితే ప్రజారోగ్యం కోసం సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చని తేల్చింది. ఈ మధ్యేమార్గం సరైనదే అనిపిస్తుంది. బలవంతంతో ఒక డోసు వేయించవచ్చు, పదేళ్ల తర్వాత బూస్టర్‌కు ఆ మనిషి తనంతట తాను రావాలి కదా.

స్టాఫ్‌రూములో ఇప్పటికీ వినిపించే మాట గుండెపోటు గురించి. ఎవరైనా నలభైల్లో పోతే చాలు, వ్యాక్సిన్ అంటారు. ఆస్ట్రాజెనెకా టీకాతో, అంటే మన కోవిషీల్డ్‌తో, అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య నిజమే. 2021 మేలో కేంద్ర కమిటీ లెక్క ప్రకారం మన దేశంలో అది పది లక్షల డోసులకు 0.61. దీన్ని జనంలోకి వెళ్లేలా అప్పుడే చెప్పి ఉంటే, ఆస్ట్రాజెనెకా ఆ సమస్యను ఒప్పుకుందన్న బ్రిటన్ కోర్టు వార్త 2024లో వచ్చినప్పుడు అంత కలకలం రేగేది కాదు. ఆకస్మిక మరణాల మీద భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన అధ్యయనం 18 నుంచి 45 ఏళ్ల వారిని పరిశీలించింది. టీకా ఆ ముప్పును పెంచలేదని, రెండు డోసులు తీసుకున్నవారిలో అది తగ్గిందని తేల్చింది. ముప్పు పెంచినవి కోవిడ్‌తో ఆసుపత్రి పాలవడం, కుటుంబంలో అలాంటి మరణాలు, మితిమీరి తాగడం లాంటివి. ఈ అధ్యయనాన్ని వాట్సాప్‌లో ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

*

బడి సిబ్బంది అంటే టీచర్లే అనుకుంటే వంటగది మర్చిపోయినట్టే. ఉదయం తొమ్మిదికే పొయ్యి రాజేసి మధ్యాహ్న భోజనం వండే ఆమె నెల గౌరవ వేతనం 3,000 రూపాయలు. పథకం పేరు గోరుముద్ద అయినా, డొక్కా సీతమ్మ పేరు పెట్టినా గరిటె ఆమె చేతిలోనే. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు, ఆహారం తయారుచేసేవారికి పేగు సంబంధ వ్యాధుల టీకాలు ఉండాలంటాయి. టైఫాయిడ్ వాటిల్లో ముఖ్యం. జ్వరం తగ్గాక కూడా కొందరు ఆ సూక్ష్మజీవిని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మోస్తారు, తమకే తెలియదు. ఒంటికి ఏమీ ఉండదు, వండిన కూరలోకి చేరుతుంది.

ఇక్కడ మరో చోద్యం. ఈ రోగానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారి ఆమోదించిన సంయోగ టీకా హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిందే. ప్రైవేటు ఆసుపత్రిలో దాని ధర వెయ్యి రూపాయలు దాటుతుంది. మూడో వంతు జీతం పోసి ఆ సూది వేయించుకోమని ఆమెకు ఎవరు చెబుతారు? టాయిలెట్లు కడిగే ఆయాకు హెపటైటిస్-ఎ గురించి ఎవరు చెబుతారు? వీళ్లను అడిగితే టీకా వద్దని అనరు. ఎవరూ అడగలేదంటారు. పెద్దల టీకా మీద బడి వైఖరి ఏమిటని సర్వే చేసే పరిశోధకులు ప్రశ్నపత్రం ఇచ్చేది టీచర్లకు. ఆయా చేతికి అది రాదు.

నిజానికి టీచరు శరీరం గురించి ప్రభుత్వం దగ్గర రాతపూర్వకమైన వివరాలు చాలానే ఉన్నాయి. సర్వీసు రిజిస్టర్ మొదటి పేజీలో పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో ఉంటుంది, ఎత్తు ఉంటుంది. చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పెడతారు. ఏ టీకాలు పడ్డాయో రాసే కాలమ్ మాత్రం లేదు. పిల్లల, గర్భిణుల టీకాలను యు-విన్ అనే వేదికలో నమోదు చేస్తున్నారు. కో-విన్‌లో కోవిడ్ డోసులు ఉన్నాయి. ఇంకే టీకా అయినా పెద్దల జేబులోని చీటీ చిరిగే దాకానే.

ఆ కాలమ్ లేకపోవడం అన్నిటికంటే ఎక్కువగా కొత్త టీచరమ్మల విషయంలో పట్టించుకోవాల్సింది. మెగా డీఎస్సీ 2025 కింద 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, ఎంపికైనవారికి సెప్టెంబరు 25న నియామక పత్రాలు ఇచ్చారు. తట్టు-రుబెల్లా ప్రచారం జరిగిన 2017 ఆగస్టులో పదిహేనేళ్లు నిండనివాళ్లకు ఈ నియామకాల నాటికి 23 మించి ఉండదు. కొత్తగా చేరినవాళ్లలో ఎక్కువమంది అంతకన్నా పెద్దవాళ్లే, అంటే ఆ టీకా వాళ్ల పక్కనుంచే వెళ్లిపోయింది. కొందరు చిన్నప్పుడు ప్రైవేటు ఆసుపత్రిలో ఎంఎంఆర్ వేయించుకుని ఉంటారు. చాలామందికి రుబెల్లా తెలియకుండానే సోకి పోయి ఉంటుంది. రెండూ జరగని వాళ్లు ఎవరో రక్తపరీక్ష చేస్తే గానీ తెలియదు. గర్భం తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డకు పుట్టుకతోనే చూపు, వినికిడి, గుండె దెబ్బతినే ముప్పు చాలా ఎక్కువ. గర్భం వచ్చాక ఆ టీకా వేయకూడదు, వేయించుకున్నాక నెల రోజులు గర్భం వాయిదా వేసుకోవాలి. కాబట్టి ఆ ప్రశ్న అడగాల్సింది చేరే రోజున, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసే డాక్టరు దగ్గరే. తడ మండలం ఇరకం దీవికి పడవ ఎక్కే టీచరు అయినా, అల్లూరు హైస్కూలుకు బస్సెక్కే టీచరు అయినా, ఒకటో తరగతిలో ఒంటి మీద దద్దుర్లతో ముక్కు తుడుచుకుంటూ వచ్చిన పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకునే ముందు తన పరిస్థితి ఏమిటో తెలిసి ఉంటుంది. ఆ పరీక్షకు, ఆ ఒక్క డోసుకు అయ్యే ఖర్చు ఉద్యోగంలో చేర్చుకునే శాఖ భరించాలా, ఆరోగ్య శాఖ భరించాలా అన్నది ఇంతవరకు ఏ ఫైలులోనూ తేలలేదు.